మంచి దొర కథ ఇంకెన్నాళ్ళు?

కురొసావా పేరు చెప్తే కుర్చీలో సర్దుకుని కూర్చునే మన సాహిత్య మిత్రులు, అదే దేశం నుంచి వచ్చిన అనిమే పేరెత్తగానే ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకోవడం మొదలుపెడతారు. నన్ను నేను మినహాయించుకుని చెప్పడం లేదు. 2023 దసరా దాకా నేనూ అదే బాపతు. నా లెక్కలో అనిమే అంటే పెద్ద పెద్ద కళ్ళు, రంగురంగుల జుట్టు, కొట్టబోయే ముందు ఆ దెబ్బ పేరేంటో గట్టిగా అరిచి మరీ కొట్టే కుర్రాళ్ళు. ఆఫీసులో నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు లంచ్‌లో దాని గురించే మాట్లాడుకుంటుంటే "మీరింకా షిన్‌చాన్ దగ్గరే ఆగిపోయారా?" అని వెటకారం చేసినవాణ్ణి.

ఆ వెటకారానికి క్షమాపణ చెప్పుకోవడానికే అయితే ఇంత రాయక్కర్లేదు. ఒక జపాన్ బొమ్మల సీరియల్ చూశాక, మనం తరతరాలుగా చెప్పుకుంటున్న అబద్ధం ఒకటి నా కళ్ళబడింది. ఆ అబద్ధం పేరు 'మంచి దొర'. దాన్ని మా ఇంట్లో విన్నాను, సినిమాల్లో చూశాను, చాలాకాలం నమ్మాను కూడా. నా తగాదా దానితో.

*

సీరియల్ పేరు విన్లాండ్ సాగా. మకోటో యుకిమురా 2005లో మొదలుపెట్టిన మాంగా దీనికి మూలం. అది ఇరవయ్యేళ్ళు నడిచి 2025లో ముగిసింది. అనిమే మొదటి సీజన్‌ని 2019లో విట్ స్టూడియో, రెండోదాన్ని 2023లో మాప్పా స్టూడియో తీశాయి. రెండింటికీ దర్శకుడు షూహెయ్ యబుతా. ఒక్కో సీజన్‌కి 24 ఎపిసోడ్లు.

కథ పదకొండో శతాబ్దం మొదట్లో, వైకింగుల కాలంలో జరుగుతుంది. థోర్ఫిన్ ఐస్‌లాండ్ పిల్లాడు. కళ్ళ ముందే తండ్రిని చంపిన అస్కెలాడ్ అనే ముఠా నాయకుణ్ణి ఎప్పటికైనా ఎదురుపడి చంపాలని, ఆ ముఠాలోనే చేరతాడు. ఆ పగ కోసం వాళ్ళతో కలిసి ఊళ్ళు దోస్తూ, మనుషుల్ని చంపుతూ పెద్దవాడవుతాడు. మొదటి సీజన్ మొత్తం ఇదే. అది చూసి నేనేం మారలేదు. మన ఫ్యాక్షన్ సినిమా మీద మంచు కురిసినట్టుంది అనుకున్నాను.

అది నాకు చూపించినవాడు మా చిన్నమ్మ కొడుకు. వాళ్ళది భూపాలపల్లి. చిన్నాయన సింగరేణిలో పనిచేస్తాడు, ఉండేది కంపెనీ క్వార్టర్. తమ్ముడు హనుమకొండలో బీటెక్ చదువుతూ దసరా సెలవులకి ఇంటికొచ్చాడు. అమ్మమ్మ కూడా కొన్నేళ్ళుగా వాళ్ళ దగ్గరే ఉంటోంది. "అన్నా, నువ్వు పెద్ద పెద్ద నవలలు సదువుతవ్ గదా, సెకండ్ సీజన్ సూడు. నచ్చకపోతే మళ్ళ నిన్నడగ" అన్నాడు. బయట వర్షం, చేతిలో మూడు రోజుల సెలవు. సరే పెట్టమన్నాను.

రెండో సీజన్‌లో థోర్ఫిన్ బానిస. డెన్మార్క్‌లో కెటిల్ అనే పెద్ద రైతు పొలానికి అమ్ముడుపోయాడు. అక్కడికే ఇంగ్లాండ్ నుంచి ఐనార్ అనే ఇంకో బానిస వస్తాడు. వైకింగులు అతని ఊరిని తగలబెట్టారు, ఇంట్లోవాళ్ళని చంపారు. కెటిల్ వీళ్ళిద్దరికీ ఒక లెక్క చెప్తాడు. ఈ అడవి కొట్టండి, పొలం చెయ్యండి, గోధుమ పండించండి. ఆ పంట నేను కొంటాను. మిమ్మల్ని కొన్న ధర తీరిన రోజున మీ దారి మీది.

ఇక అక్కణ్ణించి ఎపిసోడ్ల తరబడి వాళ్ళు చేసేది వ్యవసాయం. మొదటి సీజన్‌లో కత్తులు చూసి వచ్చిన అభిమానులు విసుగెత్తి దీనికి 'ఫార్మ్‌లాండ్ సాగా' అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నేను కూర్చుండిపోయింది అక్కడే. చెట్టు కొట్టడం ఒక పూట పని. మొద్దు పీకడం అలా కాదు. వేళ్ళ చుట్టూ తవ్వాలి, ఒక్కో వేరు నరకాలి, లోపలి వేరు ఎంత లోతుకు పోయిందో తెలీదు. ఇద్దరు మనుషులు చచ్చీచెడీ లాగినా కదలదు. గుర్రం ఉంటే కదులుతుంది. జీతగాళ్ళు గుర్రం ఇవ్వరు, ఎందుకంటే వీళ్ళు బానిసలు. చివరికి ఒక ముసలాయన ఇస్తాడు, బదులుగా తన పనులు చేసిపెట్టమంటాడు. ఆయన కెటిల్ తండ్రి. ఆ వయసులో కూడా తన చెక్క తానే దున్నుకునే మనిషి.

తెలుగు తెర మీద రైతుని నేను రెండు చోట్లే చూశాను. ఒకటి పాటలో, భుజాన నాగలితో. రెండోది చెట్టుకి, మెడలో తాడుతో. మొద్దు పీకే రైతు మీద ఒక కథ ఇంత సమయం ఖర్చుపెట్టడం నేను చూడలేదు.

మంచంలో పడుకున్న అమ్మమ్మకి చూపు సరిగ్గా ఆనదు. చప్పుళ్ళు విని "ఏం జేస్తున్నర్రా వాళ్ళు?" అని అడిగింది.

"పోడు గొడుతున్నరు అమ్మమ్మా" అన్నాడు తమ్ముడు.

"పట్టా ఎవని పేరు మీదుంది?"

వాడు నవ్వాడు. "ఇంకెవని పేరు మీదుంటది? దొర పేరు మీదనే."

"గంతే గదా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ సీరియల్ మీద నేను తర్వాత చాలా రివ్యూలు చదివాను. అహింస, పశ్చాత్తాపం, మగతనం అంటూ ఏవేవో రాశారు. పట్టా ఎవరి పేరు మీదుందని ఒక్కరూ అడగలేదు. భూపాలపల్లిలో ఆ ప్రశ్న అడగడానికి విమర్శకులై ఉండక్కర్లేదు. ఈ జిల్లా అడవుల్లో, పక్కనే మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు, చెట్టు కొట్టి మొద్దు పీకి చేను చేసినవాళ్ళు ఆ చేను తమదని నిరూపించుకోవడానికి పడ్డ తిప్పలు అందరికీ తెలిసినవే. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. తెలంగాణలో పోడు పట్టాల పంపిణీ అంటూ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది 2023 జూన్ 30న. విన్లాండ్ సాగా రెండో సీజన్ ముగిసింది ఆ నెలలోనే. కాకతాళీయమే. కానీ మొద్దు పీకే సీన్ 'స్లో'గా ఉందని స్కిప్ చేసేవాడికీ, ఆ పట్టా కోసం పదిహేడేళ్ళు చూసినవాడికీ మధ్య ఉన్న దూరం కాకతాళీయం కాదు.

*

ఇప్పుడు కెటిల్ దగ్గరికొస్తాను. అతను చెడ్డవాడు కాదు. ఈ కథ బలమంతా అందులోనే ఉంది.

కెటిల్ నెమ్మదస్తుడు. ఒకప్పుడు గొప్ప యోధుడని, 'ఉక్కు పిడికిలి' అని లోకం అనుకుంటుంది. అది వట్టి మాట. నిజానికి కత్తి చూస్తే భయపడే రైతు. బానిసల్ని కొట్టించడు, కడుపునిండా తిండి పెడతాడు, విడుదలకి దారి చూపిస్తాడు. అతని దగ్గర పెత్తనం చేసే పాటెర్ కూడా ఒకప్పుడు బానిసే, అలాగే విడుదలైనవాడే. ఇంతకన్నా మంచి యజమాని ఎక్కడ దొరుకుతాడు?

ఒకరోజు ఆకలితో దొంగతనం చేసిన పిల్లలు దొరుకుతారు. శిక్షించకపోతే పరువు పోతుందని పెద్దకొడుకు పట్టుబడతాడు. కెటిల్ తప్పనిసరై కర్రతో తానే పిల్లాణ్ణి కొడతాడు. ఆ రాత్రి ఆర్నెయిడ్ ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తాడు. ఆర్నెయిడ్ కూడా బానిసే. అతను కొనుక్కున్న ఆడమనిషి.

ఆ సీన్‌లో నాకు కెటిల్ మీద జాలి కలిగింది. పాపం, మంచివాడు, మనసొప్పక కొట్టాడు అనుకున్నాను. రెండోసారి చూసినప్పుడు ఆమె మొహం చూశాను. ఆమె ఓదారుస్తోంది. ఓదార్చనని అనడానికి ఆమెకి వీలుందా? అతని కన్నీళ్ళు కూడా ఆమె చెయ్యాల్సిన పనుల్లో ఒకటి. థోర్ఫిన్‌కీ ఐనార్‌కీ కనీసం ఒక పద్దు ఉంది, ఇన్ని బస్తాలు పండిస్తే ఇంత తీరుతుందని. ఆర్నెయిడ్‌కి ఆ పద్దు లేదు. ఆమె మీద కెటిల్‌కి ప్రేమ. ప్రేమించిన మనిషిని ఎవరైనా వదులుకుంటారా?

తర్వాత జరిగింది చూసినవాళ్ళకి తెలుసు. ఆర్నెయిడ్ భర్త గార్డర్ ఇంకో చోట బానిసగా ఉండి, యజమానిని చంపి పారిపోయి ఆమెని వెతుక్కుంటూ వస్తాడు. ఆమె అతనితో వెళ్ళిపోవాలని చూస్తుంది. అతను చనిపోతాడు, ఆమె దొరికిపోతుంది. అప్పుడే కెటిల్ ఊరి నుంచి తిరిగొస్తాడు. రాజు క్నూట్ అతని పొలం మీద కన్నేసి, అతన్ని రాజద్రోహిని చేశాడు. ఉన్నదంతా పోతోందన్న భయంలో ఇంటికొచ్చిన మనిషికి ఈ వార్త తెలుస్తుంది. కడుపుతో ఉన్న ఆర్నెయిడ్‌ని కర్రతో కొడతాడు. కొడుతూనే ఉంటాడు. ఆ దెబ్బలకే తర్వాత ఆమె చనిపోతుంది.

కెటిల్ హఠాత్తుగా రాక్షసుడైపోయాడని కొందరు రాశారు. నాకు అలా అనిపించలేదు. పిల్లాణ్ణి కొట్టిన చెయ్యే అది. అతని గోడంతా ఒకటే, ఇంత బాగా చూసుకున్నానే, నన్ను వదిలి పోవాలని ఎలా అనుకుంది అని. కొట్టే హక్కు చేతిలో పెట్టుకుని కొట్టకుండా ఉండటాన్ని మంచితనం అనకూడదని నాకు అక్కడ అర్థమైంది. అది వాయిదా, అంతే. పంట బాగున్నన్నాళ్ళూ, పరువు నిలిచున్నన్నాళ్ళూ ఆ వాయిదా నడుస్తుంది.

*

మా అమ్మమ్మ ఊరు పాలకుర్తి దగ్గర, ఇప్పటి జనగామ జిల్లాలో. ఈ మూడు జిల్లాలూ చాలావరకు 2016 అక్టోబర్ దాకా ఒకే వరంగల్ జిల్లా. ఆ ప్రాంతం గురించి ఈ పత్రిక పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ గడి అక్కడే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్యని కాల్చి చంపిన కడివెండి అక్కడే. చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్న పొలంలో పంట కోసుకుపోవడానికి దొర మనుషులొస్తే సంఘం నిలబడి తరిమింది పాలకుర్తిలోనే.

విసునూరు దొర మంచోడని ఎవరూ అనరు. అయితే అక్కడే ఒక తిరకాసు ఉంది. ఆయన అంత పేరుమోసిన క్రూరుడు కావడం వల్ల చుట్టుపక్కల ఊళ్ళ దొరలంతా మంచివాళ్ళైపోయారు. "విసునూరోని లెక్క కాదు, మా దొర మంచోడే" అనే మాట నేను చిన్నప్పటి నుంచి ఎన్ని ఊళ్ళవాళ్ళ నోట విన్నానో లెక్కలేదు. అమ్మమ్మ కూడా అదే అనేది. నేనూ ఫ్రెండ్స్‌తో అదే చెప్పేవాణ్ణి, ఒకరకమైన గర్వంతో. మా ఊళ్ళో అలాంటివేం జరగలేదు అని.

ఆర్నెయిడ్ ఎపిసోడ్ చూసిన రాత్రి నాకు ఎప్పుడో చిన్నప్పుడు చెవినబడ్డ మాటొకటి గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ అడిగాను.

"అమ్మమ్మా, నీకొక అక్క ఉండె అన్నవ్ గదా, ఏమైంది?"

"దొర బిడ్డ పెండ్లికి తోలిచ్చిండ్రు."

"ఎక్కడికి?"

"నల్లగొండ దిక్కు అన్నరు. నాకు గుర్తులేదు బిడ్డా. చిన్నదాన్ని."

"మళ్ళ రాలేదా?"

"ఎట్లొస్తది?"

దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే మంచాలు, బిందెలు, ఆవులతో పాటు పనికి ఆడపిల్లల్ని కూడా పంపేవాళ్ళు. వాళ్ళని ఆడబాప అనేవాళ్ళు. అక్కడి అల్లుడికి, ఆ ఇంటికొచ్చిన చుట్టాలకి వాళ్ళు ఏమయ్యేవారో కొత్తగా రాయక్కర్లేదు. సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి గురించి చెప్తూ, అన్నింటిలోకీ దుర్మార్గమైనదిగా దీన్నే చెప్పాడు.

"అయినా దొర మంచోడే అంటవేంది?" అని అడిగాను. నా గొంతు కొంచెం లేచిందనుకుంటా, లోపల్నించి చిన్నమ్మ తొంగిచూసింది.

అమ్మమ్మ తేలిగ్గానే చెప్పింది. "కొట్టకపోతుండె బిడ్డా. అక్క పోయిన్నాడు మా అమ్మకు చీర పెట్టిండు."

చీర పెట్టాడు. కెటిల్ అయినా పెట్టేవాడే.

*

ఇది మా ఇంటి గొడవ మాత్రమే అయితే పత్రికలో రాయను. మన జనం మెచ్చిన కథల్ని ఒకసారి వరసగా పెట్టి చూడండి.

ఒకటి, పెదరాయుడు. 1995లో రాష్ట్రమంతా విరగబడి చూసిన సినిమా. ఊరికి ఒక పెద్ద, ఆయన మాటే తీర్పు, ఆయనకు ముందున్న పెద్ద మాటా అంతే. ఆ అధికారం ఎక్కణ్ణుంచి వచ్చిందని సినిమా అడగదు. ఆయన న్యాయంగా ఉంటాడు కాబట్టి అడగక్కర్లేదని మనల్ని ఒప్పిస్తుంది. ఇది మంచి దొర కథ.

రెండు, కట్టప్ప. బాహుబలి రెండు భాగాల్లో, 2015లోనూ 2017లోనూ, జనం ఎక్కువగా ప్రేమించిన పాత్రల్లో ఒకటి. సింహాసనానికి తరతరాల బానిస. పూర్వీకులు ఇచ్చిన మాట. ఆయుధాల వ్యాపారి అస్లాం ఖాన్ సొమ్మిచ్చి విడిపిస్తానంటే వద్దంటాడు, థియేటర్లో చప్పట్లు. యువరాజు అతన్ని నోరారా 'మామా' అని పిలుస్తాడు. పిలుస్తాడు గానీ విడిపించడు. ఆజ్ఞాపిస్తే ఆ యువరాజునే వెన్నుపోటు పొడవాల్సి వచ్చేంత బానిసత్వం అది. దేశమంతా రెండేళ్ళపాటు "కట్టప్ప ఎందుకు చంపాడు?" అని అడిగింది. కట్టప్ప ఎందుకు బానిసగా ఉన్నాడని ఎవరైనా అడిగారా? సినిమా అయిపోతుంది, కొత్త రాజు కిరీటం పెట్టుకుంటాడు, కట్టప్ప అక్కడే నిలబడి ఉంటాడు. ఇది మంచి బానిస కథ.

మూడు, పుష్ప. 2021. కూలీగా మొదలై సిండికేట్ నాయకుడవుతాడు. కాలు మీద కాలేసుకుని కూర్చోవడంలో ఉన్న మజా నాకూ తెలుసు, ఈలలు నేనూ వేశాను. కానీ ఆఖరికి జరిగిందేంటి? కింద కూలీలు కూలీలుగానే ఉన్నారు, కుర్చీలో మనిషి మారాడు. ఇది బానిసే దొర అయ్యే కథ.

దొర మంచోడవడం, బానిస విశ్వాసంగా ఉండటం, బానిసే దొరవడం. మనకి తెలిసిన దారులు ఈ మూడే. దొర, బానిస అనే సంబంధమే ఉండకూడదు అనే నాలుగో దారిని కోట్లమంది చూసే కథలో మనం చెప్పలేకపోయాం. ఆ కథ పుట్టడానికి మనకంటే అర్హత ఉన్న నేల ఏది? జనగామ మట్టి మీద నిలబడి అడుగుతున్నాను. ఇక్కణ్ణుంచి రావాల్సిన కథ జపాన్ నుంచి, వైకింగు వేషంలో, ఇంగ్లీష్ సబ్‌టైటిళ్ళతో నా దగ్గరికొచ్చింది. దానికి నేను సంతోషించాలో సిగ్గుపడాలో తెలియడం లేదు.

*

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "మన సాహిత్యంలో ఇదంతా లేదా? చదవకుండా కార్టూన్లు చూసి కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతావేంటి?"

ఉంది. నేను పెరిగింది మహబూబాబాద్‌లో, మేం మానుకోట అనే ఊళ్ళో. అక్కడికి దగ్గర్లోని చినగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' రాశాడు. గడి లోపల ఆడబాపల బతుకు ఎలా ఉండేదో ఆ నవలలో ఉంది. గౌతమ్ ఘోష్ 'మా భూమి' ఉంది. నేను రెండూ ఎరుగుదును. నవల ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చదివాను, బాగుందని నలుగురికీ చెప్పాను. కానీ అమ్మమ్మని అడగలేదు. అది చరిత్ర అనుకున్నాను, ముగిసిపోయింది, అందులో మావాళ్ళు లేరు అనుకున్నాను. ఎలాంటి నవల అని ముందే తెలిసి చదవడంలో ఉన్న ప్రమాదం అది. ఎక్కడ బాధపడాలో ముందే తెలుసు కాబట్టి అక్కడే బాధపడి, పుస్తకం మూసేసి, భోజనానికి లేస్తాం.

అనిమే దగ్గర నాకు అలాంటి కాపలా లేదు. బొమ్మలే కదా అని తేలిగ్గా కూర్చున్నాను. కెటిల్ మీద జాలిపడుతూ దొరికిపోయాను. ఆ జాలి ఎక్కడిదో వెతుక్కుంటే అమ్మమ్మ మాట దగ్గరికి చేరింది. అనిమే గొప్పదా నవల గొప్పదా అనే పోటీ నాకు అక్కర్లేదు. తలుపు ఎటునుంచి తెరుచుకుంటుందో ముందే తీర్మానించేయకండి అంటున్నాను. చందమామ బొమ్మలు చూస్తూ కథ వినడం నేర్చుకున్న భాష మనది. బొమ్మల్లో చెప్పిన కథ పిల్లలకే అనే మాట మన నోట రాకూడదు.

*

అలాగని ఈ సీరియల్‌కి దండం పెట్టి ఊరుకోను. దానితోనూ నాకు రెండు పేచీలున్నాయి.

మొదటిది. థోర్ఫిన్, ఐనార్‌లు వేసిన గోధుమ మొలకల్ని జీతగాళ్ళు ఓర్వలేక రాత్రికి రాత్రి నాశనం చేస్తారు. గొడవలో మొదటి దెబ్బ థోర్ఫిన్ కొడతాడు, తిరిగి దెబ్బలు తిని స్పృహ తప్పుతాడు, తాను చంపినవాళ్ళంతా కలలో కనిపిస్తారు. గొప్ప ఎపిసోడ్. కానీ అది చూస్తున్నంతసేపూ నాకు ఐలమ్మ పొలమే గుర్తొచ్చింది. ఆమె పంట మీదికి మనుషులొచ్చినప్పుడు ఆమె ఒంటరి కాదు, వెనక సంఘం ఉంది. కెటిల్ పొలంలో సంఘం లేదు. విడుదల ఎవడికి వాడు తీర్చుకునే అప్పు. ఆ లెక్కలో ఆర్నెయిడ్ మిగిలిపోయింది అంటే ఆశ్చర్యమేముంది? పైగా వాళ్ళకి ధర ఉంది, తీరితే బయటపడొచ్చు. మన వెట్టికి ధర లేదు. అది పుట్టిన కులంతో వచ్చేది, బిడ్డలకి పోయేది. ఎన్ని బస్తాలు పండిస్తే తీరుతుంది అది? వైకింగు బానిసత్వాన్నీ మన వెట్టినీ ఒకే గాటన కట్టేవాళ్ళు ఈ తేడా దగ్గర ఆగాలి.

రెండోది, 'నాకు శత్రువులు లేరు' అనే మాట. సీజన్ చివర్లో థోర్ఫిన్ రాజుని కలవడం కోసం, ఎదురు చెయ్యెత్తకుండా, ఒక యోధుడి చేతిలో వంద దెబ్బలు తినడానికి ఒప్పుకుంటాడు. అప్పుడంటాడు ఆ మాట. చిన్నప్పుడు తండ్రి చెప్పింది అదే. ఇప్పుడు అది రీల్స్‌లో జిమ్ వీడియోల మీద మోగుతోంది. ఎవరితో గొడవపడినా ఆ డైలాగ్ స్టేటస్ పెట్టేస్తున్నారు.

ఆ మాట అంటున్నది ఎవరో చూడాలి కదా. థోర్ఫిన్ ఊళ్ళు తగలబెట్టినవాడు. తన చేతికి అంటిన రక్తం తెలిసి, ఇంక నావల్ల ఎవరూ చావకూడదు అంటున్నాడు. కొట్టినవాడి నోట ఆ మాట పశ్చాత్తాపం. కొట్టించుకున్నవాణ్ణి పట్టుకుని ఆ మాట అనమంటే అది దొర గొంతు. కొమరయ్య ఊరివాళ్ళతో మీకు శత్రువులు లేరు అని చెప్పి చూడండి. 1946 నుంచి 1951 దాకా వాళ్ళు పట్టుకున్న ఆయుధం తప్పా ఒప్పా అని ఎంతైనా వాదించుకోవచ్చు. భూపాలపల్లి అడవుల వైపు ఎన్‌కౌంటర్ అనే మాట వింటూ పెరిగిన మా తరానికి ఆయుధం మీద మోజు లేదు. అక్కడ పడిపోయినవాళ్ళలో ఎక్కువమంది పేదింటి పిల్లలే అని మాకు తెలుసు. అయినా శత్రువు లేడు అనడం వేరు, శత్రువుని చంపను అనడం వేరు. ఈ రెంటినీ కలిపేస్తే మిగిలేది మళ్ళీ "మా దొర మంచోడే".

మేలైన సంగతి ఏంటంటే, ఈ పేచీ పెట్టుకోవడానికి కావాల్సిన సామానంతా ఆ సీరియల్ లోపలే ఉంది. చావుబతుకుల్లో ఉన్న ఆర్నెయిడ్‌కి థోర్ఫిన్ సముద్రం అవతల ఒక నేల ఉందని, అక్కడ బానిసలుండరని చెప్తాడు. ఆమె వింటుంది. ఆ నేల ఆమెకి ఆలస్యమైపోయిందని కథకి తెలుసు, దాన్ని తియ్యటి మాటలతో కప్పదు. ఆమె చావుని చూపించి, కెటిల్ మంచితనాన్ని ఆ శవం పక్కన పెట్టి, ఇక మీరు తూచుకోండి అని వదిలేస్తుంది. మన ఏ సినిమా పెదరాయుణ్ణి అలా తూకంలో పెట్టింది?

*

మొన్న ఊరెళ్తే దొర గడి గోడ ముందు ఒక కొత్త జంట ప్రీ-వెడ్డింగ్ షూట్ చేస్తోంది. డ్రోన్ ఎగురుతోంది. కూలిన గోడ, లోపల మొలిచిన రావిచెట్టు, ఫోటోకి బాగానే ఉంటుంది. ఆ పిల్లల మీద నాకు కోపం రాలేదు. వాళ్ళకి ఎవరు చెప్పారు గనక? పదేళ్ళ కిందటైతే నేనూ అక్కడే దిగేవాణ్ణి ఫోటో.

ఆ గోడ లోపల్నుంచి ఒక పెళ్ళికి బయల్దేరిన బండి వెనక మా అమ్మమ్మ వాళ్ళక్క నడిచి వెళ్ళింది. పేరు అడిగితే "లచ్చువమ్మ" అంది అమ్మమ్మ. పద్నాలుగేళ్ళో పదిహేనేళ్ళో. ఇంతకుమించి ఆమె గురించి మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. ఎక్కడ చచ్చిపోయిందో, పిల్లలున్నారో లేదో, ఉంటే వాళ్ళిప్పుడు ఎవరికి ఏమవుతారో, ఏ కాగితంలోనూ లేదు. దొర పెట్టిన చీర మాత్రం డెబ్భై అయిదేళ్ళ తర్వాత కూడా గుర్తుంది.

కాబట్టి ఇకమీద ఎవరైనా మీతో "మా ఊరి దొర మంచోడే" అంటే, వాదన పెట్టుకోకండి. ఆయన బిడ్డ పెళ్ళికి తోడుగా ఎవరిని పంపారో అడగండి. ఆమె పేరు అడగండి.